గది చప్పుడు

భూగోళం మాస్టారు “సముద్రమట్టానికి” అని ఆగి, గొంతు సవరించుకుని, మీసం ఒకసారి దువ్వుకుని, మళ్ళీ “సముద్రమట్టానికి” అన్నాడు. కత్తెరమ్మ మొదటి సముద్రమట్టాన్ని తీసేసింది. గొంతు సవరింపునూ మీసాన్నీ కూడా తీసేసింది. తీసేసిన చోట తెరమీద సన్నటి గీత ఒకటి మిగిలింది. రెండు మాటలు వెనక్కి వెళ్ళి అక్కడినుంచి వింది. బాగాలేదు. మాట వెనకాల మాట తోసుకొస్తోంది, బస్సెక్కే జనంలాగా.

ఆమె ఎడమచేతి పక్కనున్న పొడుగాటి నోటుపుస్తకం తెరిచి, వరసల మీద వేలు పెట్టి కిందికి దిగింది. పదకొండో సెకను ముక్క వాడి మూడు వారాలైంది, మళ్ళీ వాడొచ్చు. దాంట్లోంచి ముప్పావు సెకను తెచ్చి గీత దగ్గర అతికించింది. ఇప్పుడు మాస్టారు ఊపిరి తీసుకుని, ఆలోచించుకుని మాట్లాడుతున్నట్టుంది.

“అదీ, అలా నిదానంగా చెప్పండి మాస్టారూ,” అంది తెరతో.

పాఠం నంబరు, నిమిషం, ముక్క కొలత పుస్తకంలో రాసి పెన్నుకి మూత పెట్టింది. రోజుకి నలభైసార్లు రాస్తే నలభైసార్లూ మూత పెడుతుంది. పక్క టేబుల్ అమ్మాయికి ఆ టిక్కుమనే చప్పుడు మొదట్లో తలనొప్పిగా ఉండేది. ఇప్పుడు అది వినపడకపోతేనే తల తిప్పి చూస్తుంది.

కత్తెరమ్మ అన్నది ఆఫీసులో చిన్నవాళ్ళు పెట్టిన పేరు. కొన్నాళ్ళు చాటుగా అనుకున్నారు. ఒకరోజు ఆమే ఫోనెత్తి “కత్తెరమ్మని మాట్లాడుతున్నానండీ” అనేసరికి ఆ చాటు కాస్తా పోయింది. యాభై ఆరేళ్ళ మనిషి. పొట్టిగా, గుండ్రంగా, ఏసీకి ఓర్వలేక భుజాల చుట్టూ పలుచటి శాలువాతో, మెడలో దారానికి వేలాడే కళ్ళజోడుతో ఉంటుంది. హెడ్‌ఫోన్స్ చెవి దిండ్లు పెచ్చులూడిపోతే పాత తలగడ గలీబు కత్తిరించి తొడుగులు కుట్టుకుంది. కొత్తవి తెప్పిస్తామన్నారు గానీ వద్దంది. రెండో అంతస్తులో ఉన్న ఆఫీసుకి మెట్లెక్కి వస్తుంది. ఈ మధ్య మొదటి అంతస్తు మలుపు దగ్గర గోడ పట్టుకుని ఒకటి రెండు నిమిషాలు నిలబడుతోంది. ఎవరైనా చూస్తే చెప్పుల పట్టీ సర్దుకుంటున్నట్టు వంగుతుంది.

అక్కడ తయారయ్యేవి పిల్లలు ఫోన్లో చూసే పాఠాలు. ఆఫీసు నడిపే మేడమ్‌కి ముప్పై రెండేళ్ళు. మంచి పిల్లే, గొంతు పెంచదు. కానీ ఒక నియమం పెట్టింది. అరసెకను మించి ఎక్కడా మాట ఆగకూడదు. “ఆగితే చాలు ఆంటీ, చూసేవాళ్ళ బొటనవేలు పైకి పోతుంది. ఇంక మనం లేనట్టే,” అంటుంది. కత్తెరమ్మ తలూపుతుంది. తలూపి, అరసెకనున్న చోట ముప్పావు, ముప్పావున్న చోట ఒకటి పెడుతుంది. మరీ అవసరమనిపిస్తే రెండు. ఆరేళ్ళలో ఎవరూ పట్టుకోలేదు. పిల్లలు ఉత్తరాలు రాసినప్పుడు మాత్రం, మాస్టారు చెబితే నిదానంగా అర్థమవుతుందని రాస్తారు. ఆ మెప్పంతా మాస్టారి ఖాతాలోకే పోతుంది. పోనీలే అనుకుంటుంది.

అతికించే ఆ ముక్కకు వాళ్ళ పనిలో పేరు గది చప్పుడు. ఏ గదీ ఉత్తినే నిశ్శబ్దంగా ఉండదు. గోడ ఉంటుంది, గాలి ఉంటుంది, ఎక్కడో ట్యూబులైటు సన్నగా గునుస్తూ ఉంటుంది. మాట కోసేసిన చోట ఉత్త శూన్యం వదిలేస్తే, చీకట్లో లేని మెట్టు మీద కాలేసినట్టు చెవి ఉలిక్కిపడుతుంది. అందుకే చిత్రీకరణ అయిపోయాక అందరూ ఎక్కడివాళ్ళక్కడ కదలకుండా నిలబడి, అరనిమిషం పాటు ఆ గదిని రికార్డు చేసుకుంటారు. తర్వాత అతుకులకు పనికొస్తుంది. ఒకే ముక్క పదేపదే వాడితే చెవి పట్టేస్తుంది కాబట్టి మార్చి మార్చి వాడాలి. కత్తెరమ్మ నోటుపుస్తకం అందుకే.

ఆమె వాడేది మాత్రం ఈ ఆఫీసు గది కాదు. ఆ సంగతి ఆఫీసులో ఎవరికీ తెలియదు.

పదిన్నరకి మేడమ్ చప్పట్లు కొట్టి అందర్నీ పెద్ద తెర దగ్గరకి పిలిచింది. కొత్త ప్రోగ్రామ్ తెచ్చిన సాంకేతికుడు అక్కడ నిలబడి ఉన్నాడు. నిద్రలేని కళ్ళు, నవ్వు మొహం. ఇకమీదట మాటల మధ్య ఖాళీలన్నీ అదే వెతికి తీసేస్తుందట. కొత్తవాటికే కాదు, సర్వర్‌లో ఉన్న మూడువందల పన్నెండు పాత పాఠాల్ని కూడా సాయంత్రం ఆరింటికి దానికి అప్పజెబుతారట. పొద్దున్నకల్లా అన్నీ బిగుతుగా తయారవుతాయట.

“ఆంటీకి పెద్ద బరువు దిగిపోయింది. వచ్చే నెల నుంచి వారానికి రెండ్రోజులొస్తే చాలు,” అంది మేడమ్, మేలు చేస్తున్నాననే నమ్మకంతో. అందరూ కత్తెరమ్మ వైపు చూసి నవ్వారు. ఆమె కూడా నవ్వింది. మరేం చేస్తుంది?

“ఒక చిన్న ఫైలు మీద చూపిస్తాను. ఆంటీగారి సిస్టమ్‌లోంచి ఏదో ఒకటి తీస్తున్నా,” అన్నాడు సాంకేతికుడు. వరసలో అన్నిటికంటే చిన్నది పట్టుకున్నాడు. దాని పేరు ‘ఖాళీ గది’. నిడివి ముప్పై ఒక్క సెకన్లు.

“బాబూ, అది—” అంది కత్తెరమ్మ.

అప్పటికే నొక్కేశాడు. తెరమీద ముప్పై ఒకటి గబగబా తగ్గి రెండు దగ్గర ఆగింది. “చూశారా! ముప్పై ఒకటిలో పనికొచ్చేది రెండు సెకన్లే,” అని దాన్ని హాలు స్పీకర్లలో వినిపించాడు.

“ఇక మాట్లాడొచ్చా?”

మగ గొంతు. కాస్త బొంగురుగా, నవ్వు ఆపుకోలేక చివర్లో పైకి లేచిన గొంతు. హాలంతా ఘొల్లుమంది. “ఎవర్రా బాబూ ఈయన, పాపం ఎంతసేపట్నుంచి ఆగాడో!” అన్నారెవరో. మేడమ్ కూడా కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. ఆ గొంతు హెడ్‌ఫోన్స్ దాటి, మనుషులున్న గదిలో, గాలిలో వినపడి ఇరవై రెండేళ్ళైంది.

జనం చెదిరాక ఆమె సాంకేతికుడి దగ్గరకి వెళ్ళింది. “దాన్ని మళ్ళీ మునుపట్లా చెయ్యగలవా బాబూ?”

“పాతదాని మీదే రాసేస్తుందండీ. జాగా కలిసొస్తుందని అలా పెట్టాను.” అతని మొహంలో నవ్వు పోయింది. “ముఖ్యమైందా?”

“కాదులే. ఖాళీ గది.”

“హమ్మయ్య. మీకు ఇంకో కాపీ ఉండే ఉంటుంది లెండి.”

లేదు. ఆఫీసులో ప్రతివాళ్ళనీ రెండు కాపీలు పెట్టుకోమని చెవిలో ఇల్లు కట్టుకుని పోరే మనిషి ఆమె. ఇంట్లో పాత కంప్యూటరు చచ్చిపోయినప్పుడు దాన్ని ఇక్కడికి తెచ్చుకుంది. రేపు ఇంకోటి చేసుకుందాం అనుకుంటూనే ఆరేళ్ళు గడిపేసింది.

*

ఆయన పెళ్ళిళ్ళకు వీడియోలు తీసేవాడు. ఆమె ఇంట్లో ముందుగదిలో కూర్చుని వాటిని కోసి అతికించేది. తొమ్మిదేళ్ళు అలా చేశారు. ఆయన పచ్చి వాగుడుకాయ. కెమెరా భుజానికెత్తుకున్నా నోరు ఊరుకునేది కాదు. “అక్కయ్యగారూ, కాస్త ఇటు. బాబాయ్, ఆ మొహమేంటి, పెళ్ళి మీది కాదుగా, నవ్వొచ్చు. పాపా, ముక్కులోంచి వేలు తియ్యమ్మా.” జనం విరగబడి నవ్వేవాళ్ళు, బొమ్మ బాగా వచ్చేది. ఇంటికొచ్చాక ఆమె తల ప్రాణం తోకకొచ్చేది. కెమెరా వెనకాల గొంతు వీడియోలో వినపడకూడదు. అదీ పని. ఆయన అన్న ప్రతి మాటా వెతికి వెతికి తీసేసేది. తీసిన చోట గది చప్పుడు అతికించేది.

“నా పెళ్ళాం నా నోరు మూయించినంతగా లోకంలో ఏ పెళ్ళామూ మూయించలేదు,” అని ఆయన ఊరంతా చెప్పుకునేవాడు. అసలు టేపులు దాచుకునే స్తోమత లేదు. ఈ వారం పెళ్ళి మీద వచ్చేవారం పెళ్ళి ఎక్కించేవాళ్ళు.

కూతురికి మూడున్నరేళ్ళప్పుడు, కెమెరా సంచి భుజాన ఉండగానే, ఆయన రోడ్డు దాటుతూ పోయాడు.

నెల తర్వాత ఒక మధ్యాహ్నం ఆమెకి ఆయన గొంతు వినాలనిపించింది. ఇంట్లో ఉన్న, పని పూర్తయిన పెళ్ళి క్యాసెట్లన్నీ ముందేసుకుంది. మూడు రోజులు వింది. ఆయన ఎక్కడెక్కడ మాట్లాడి ఉంటాడో ఆమెకి తెలుసు. పెళ్ళికొడుకు తాత ఉన్నట్టుండి ఎందుకు నవ్వాడో, చంటిపిల్ల కెమెరా వైపు వేలెందుకు చూపించిందో అన్నీ తెలుసు. ఆ చోటికి రాగానే చెవి రిక్కించేది. మెత్తటి, శుభ్రమైన గది చప్పుడు. అంత చక్కగా చేసింది పని. ఒక్క అతుకూ ఊడలేదు. మూడో రోజు సాయంత్రం పిల్లని ఒళ్ళో పెట్టుకుని, తన రెండు చేతుల వైపూ చూసుకుంటూ ఏడ్చింది.

నాలుగో రోజు పూర్తిచేయని ఒక టేపు చివర అది దొరికింది. ఎవరిదో ఇల్లు, జనం వెళ్ళిపోయిన గది. ఆయన గది చప్పుడు పడుతున్నాడు. లోకంలో ఆయన నోరు మూసుకునేది ఆ అరనిమిషమే. ఎనిమిదో సెకనులో బూటు కిర్రుమంటుంది. పదిహేడులో జేబులో తాళాలు గలగలమంటాయి, ఠక్కున చేత్తో పట్టేసుకుంటాడు. ఆ తర్వాత ముక్కులో నవ్వు ఆపుకుంటాడు. ఇరవై నాలుగులో పెద్ద ఊపిరి. ఇరవై తొమ్మిది దాటగానే ఇంక తనవల్ల కాక, “ఇక మాట్లాడొచ్చా?” అంటాడు. మిగతా టేపుల్లో ఆ చివరి మాటని ఆమె ఎప్పటికప్పుడు కోసేసేది. ఇదొక్కటి కోసేలోపు ఆయన పోయాడు.

కూతురు ఊహ తెలిసినప్పటి నుంచీ అడుగుతూనే ఉంది. నాన్న గొంతు ఎలా ఉండేదమ్మా? సన్నగానా, లావుగానా? మన పక్కింటి తాతయ్యలా ఉండేదా? “ఎక్కడా లేదమ్మా. కెమెరా వెనకాల ఉండేవాళ్ళకి గొంతుండదు,” అని చెప్పింది కత్తెరమ్మ. ఒకటుంది అంటే, మిగతావన్నీ ఏమయ్యాయని అడుగుతుంది. నేనే తీసేశానని చెప్పాలి. చెప్పే ధైర్యం ఐదేళ్ళప్పుడు రాలేదు, పదిహేనేళ్ళప్పుడు రాలేదు. ఆలస్యమైన కొద్దీ ఆలస్యానికి కూడా సంజాయిషీ చెప్పుకోవాల్సొచ్చింది. ఇప్పుడు పిల్లకి ఇరవై ఆరు.

ఆ ముక్కని మాస్టారి పాఠంలో మొదటిసారి వాడింది పొరపాటునే. ఒక ఫైలనుకుని ఇంకోటి తెచ్చింది. తప్పు తెలిసేసరికి పాఠం బయటికి వెళ్ళిపోయింది, ఎవరూ ఏమీ అనలేదు. మర్నాడు కావాలనే వాడింది. అప్పట్నుంచీ మాస్టారు ఆగిన ప్రతిచోటా ఆయన నిలబడి ఉన్నాడు. నదుల దగ్గర, ఎడారుల దగ్గర, గాలివాన పాఠంలో. పిల్లలు ఊపిరి తీసుకుని రాసుకునేంతసేపు, నోరు బిగించుకుని.

*

ఆమె కుర్చీ దగ్గరకి లాక్కుని నోటుపుస్తకం మొదటి పేజీ తెరిచింది. మాట ఉంది, నిజమే. రెండు సెకన్ల ఫైలు క్షేమంగానే ఉంది. కానీ ఒట్టి మాట వింటే ఎవరో దారినపోయేవాడు అడిగినట్టుంది. అంతసేపు ఆగాడు కాబట్టే అది ఆయన. పిల్లకి ఆ రెండు సెకన్లే వినిపిస్తే, తెలిసేది గొంతు మాత్రమే. నాన్న తెలియడు.

పోయిన అరనిమిషం ముక్కలు ముక్కలుగా పాఠాల్లో ఉంది. ఏ ముక్క ఎక్కడుందో పుస్తకంలో ఉంది. ఆరింటిదాకా పాఠాలుంటాయి.

ఒకసారి మేడమ్ గదిలోకి తొంగిచూసింది. “అమ్మా, ఆ పాత పాఠాలది ఒక్కరోజు ఆపగలవా?”

“ఎందుకాంటీ? ఏమైనా ఇబ్బందా?” అంది మేడమ్ తలెత్తి.

ఆరేళ్ళుగా మీ పాఠాల్లో మా ఆయన్ని పెడుతున్నానని ఏ మొహం పెట్టుకుని చెబుతుంది? “ఏం లేదులే,” అని వచ్చేసింది.

మొదటి సెకను నదులు పుట్టేచోట దొరికింది. రెండూ మూడూ అగ్నిపర్వతాల్లో పక్కపక్కనే ఉన్నాయి. నాలుగోది ఉన్న పాఠం కింద మేడమ్ సంగీతం వేయించింది, పనికిరాకుండా పోయింది. అదే నాలుగో సెకను ఇంకోచోట వాడింది దొరకడానికి రెండేళ్ళు వెనక్కి వెళ్ళాల్సొచ్చింది. ఎనిమిదో సెకను ఎడారుల్లో ఉంది, కిర్రుమన్న బూటుతో సహా. అప్పట్లో మాస్టారి కుర్చీ చప్పుడుగా చెల్లిపోయింది. ఒక్కోదాన్ని కోసి తెచ్చి వరసలో పెడుతుంటే, తను ఇన్నేళ్ళూ చేసిన పనిని వెనకనుంచి ముందుకు విప్పుతున్నట్టుంది. మధ్యాహ్నం డబ్బా తెరవలేదు. మాత్ర వేసుకోలేదు. మూడింటికి పక్క టేబుల్ అమ్మాయి, “ఆంటీ, మొహమేంటి అలా పాలిపోయింది? ఏమైనా తిన్నారా?” అంది.

“తింటున్నానే, ఇదిగో, ఎడారులయ్యాయి, ధ్రువాల్లో ఉన్నా,” అంది కత్తెరమ్మ, తెర మీంచి చూపు తిప్పకుండా. ఆ అమ్మాయి ఒక అరటిపండు ఒలిచి చేతిలో పెట్టిపోయింది. అది సాయంత్రందాకా అక్కడే నల్లబడింది.

నాలుగున్నరకి ఇరవై నాలుగో సెకను దొరికింది. పటం కొలతల పాఠం. పెద్ద ఊపిరి. పిల్లలందరూ అది మాస్టారిదనే అనుకుని ఉంటారు.

ఐదింటికి పదిహేడు నుంచి ఇరవై దాకా తప్ప అన్నీ చేరాయి. ఆమె పుస్తకం మొదట్నుంచి చివరిదాకా రెండుసార్లు తిప్పింది. ఆ మూడు సెకన్లు ఒక్క వరసలోనూ లేవు. ఉండవు. తాళాల గలగలా, ముక్కులో నవ్వూ ఉన్నది అక్కడే కదా. అతుకుకి కావలసింది ఏమీ వినపడని ముక్క. ఆయన మరీ ఆయనలాగా ఉన్న చోటుని ఆమె ఎన్నడూ వాడలేదు. పనితనం అలవాటు మళ్ళీ అదే చేసింది. కత్తెరమ్మ హెడ్‌ఫోన్స్ తీసి ఒళ్ళో పెట్టుకుంది. ఏడుపు రాలేదు. గుండెలో ఎవరో పిడికిలి బిగించినట్టుంది, అది పొద్దున్నించీ ఉన్నదే.

మధ్యలో మూడు సెకన్ల గొయ్యి ఉంచి పిల్లకి ఎలా వినిపిస్తుంది? దగ్గర్లోని ముక్క తెచ్చి కప్పేయొచ్చు. ఎవరికీ తెలియదు. అలా కప్పడంలో ఆమెని మించినవాళ్ళు లేరు. అందుకే ఆ పని చేయబుద్ధి కాలేదు.

లేచి చిత్రీకరణ గదిలోకి వెళ్ళింది. మాస్టారి కుర్చీ, వెనకాల నీలం తెర, గోడలకి నల్లటి స్పాంజి. తలుపు మూసి, మైకు పెట్టి, మీట నొక్కి, గది మధ్యలో నిలబడింది. ముప్పై ఏళ్ళ పనిలో గది చప్పుడుకి తను నిలబడటం ఇదే మొదటిసారి. ఎప్పుడూ వినడమే. “చెవులకి అవి తగిలించుకుని కూర్చోవడం కాదోయ్, నోరు మూసుకుని నిలబడి చూడు, తెలుస్తుంది,” అనేవాడాయన. నిజంగానే కష్టంగా ఉంది. ఎక్కడెక్కడి మాటలూ గొంతులోకి వస్తున్నాయి. మొదటిసారి దగ్గొచ్చింది. రెండోసారి ఛాతీలోంచి ఈల వినపడింది. మూడోసారి కళ్ళు మూసుకుని, శాలువా కొంగు పిడికిట్లో బిగబట్టి నిలబడింది. ఈల కొంచెం ఉంది. ఉండనీ అనుకుంది.

ఆ మూడు సెకన్లనీ తెచ్చి పదిహేడు దగ్గర పెట్టింది. ఏ కొలతా దిద్దలేదు. చివర మాట అతికించింది. ముప్పై ఒకటి.

ఇన్నేళ్ళూ ఇరవై తొమ్మిది దగ్గరే ఆపేసేది. మాట అరిగిపోతుందేమోనని పిచ్చి భయం. ఈసారి ఆపలేదు. ఆయన నిలబడ్డాడు. బూటు కిర్రుమంది. గది మారింది. ఆమె నిలబడింది, ఈలతో సహా. మళ్ళీ ఆయన. పెద్ద ఊపిరి.

“ఇక మాట్లాడొచ్చా?”

“ఆఁ. మాట్లాడండి,” అంది కత్తెరమ్మ.

ఐదు యాభైకి దాన్ని పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి, కాగితం చుట్టి, దాని మీద ఏదో రాసి సంచిలో వేసుకుంది. నోటుపుస్తకంలో ఆ రోజు పని రాసుకుంది. ఆరింటికి సాంకేతికుడు మీట నొక్కాడు. పెద్ద తెర మీద పాఠాల పేర్లు ఒక్కొక్కటీ ఆకుపచ్చగా మారుతున్నాయి. మొదటి పాఠం పదకొండు నిమిషాలున్నది ఎనిమిదైంది. ఆమె గుమ్మం దగ్గర నిలబడి దాన్ని కొంచెం వింది. మాస్టారు గుక్క తిప్పుకోకుండా పర్వతాల మీంచి సముద్రాల్లోకి పరిగెడుతున్నాడు. “పాపం మాస్టారు,” అని, నోటుపుస్తకం, హెడ్‌ఫోన్స్ కూడా సంచిలో వేసుకుని మెట్లు దిగింది. మలుపు దగ్గర ఈసారి చెప్పుల పట్టీ సర్దుకున్నట్టు నటించలేదు. మెట్టు మీద కూర్చుంది.

బస్సులో కిటికీ పక్కన చోటు దొరికాక కూతురికి ఫోన్ చేసింది. కూతురుండేది రెండు గంటల రైలు దూరంలో. ఆసుపత్రిలో రక్తపరీక్షలు చేసే ఉద్యోగం. తండ్రిలాగే అవతలివాళ్ళకి సందివ్వదు.

“అమ్మా, బస్సులో ఉన్నావా, ఎక్కావు సరే కూర్చున్నావా, మాత్రలేసుకున్నావా? వేసుకోలేదని గొంతులోనే తెలుస్తోంది. నిన్ను తీసుకెళ్ళి మా డాక్టరుకి చూపించకపోతే—”

“ఆదివారం రా. నీకొకటి వినిపించాలి.”

“ఏంటది? పాటా? ఫోన్‌కి పంపించెయ్యి.”

“నీ ఫోన్లో అన్నీ పరుగులు పెట్టించి వింటావు. ఇది అలా వినేది కాదు. నేను పక్కన కూర్చుంటాను, నువ్వు నోరు మూసుకుని వినాలి. నీకు కష్టమే అనుకో.”

“అబ్బో! ఏంటో చెప్పొచ్చుగా?”

“నువ్వు చిన్నప్పట్నుంచీ అడుగుతున్నదే.”

అవతల మాట ఆగిపోయింది. ఎంతసేపు ఆగిందో కత్తెరమ్మకి కొలవకుండానే తెలిసింది. రెండున్నర సెకన్లు.

“లేదన్నావుగా,” అంది కూతురు, చిన్న గొంతుతో.

“ఉంది. మిగతాదెందుకు లేదో కూడా చెప్తాను. తిడతావు. తిట్టు. రా ముందు.”

అది గురువారం. శనివారం మధ్యాహ్నం ఆరేసిన బట్టలు తెచ్చి, మంచం మీద పోసుకుని, ఒక్కోటీ మడత పెడుతూ కత్తెరమ్మ పక్కకి ఒరిగింది. కూతురి కోసం తీసిన దుప్పటి సగం మడతలో చేతికింద ఉంది. సాయంత్రం పాలు పోసే మనిషి తలుపు కొట్టి కొట్టి పక్కవాళ్ళని పిలిచాడు. కూతురు ఆదివారం కోసం కొనుక్కున్న టికెట్టు వాడలేదు. శనివారమే వచ్చేసింది.

*

వారం తర్వాత, వచ్చినవాళ్ళందరూ వెళ్ళిపోయాక, కూతురు అమ్మ సంచి తెరిచింది. కళ్ళజోడు, మాత్రల పట్టీ, గలీబు తొడుగుల హెడ్‌ఫోన్స్, పొడుగాటి నోటుపుస్తకం. కాగితం చుట్టిన పెన్‌డ్రైవ్. కాగితం మీద అమ్మ రాత: ‘మీ నాన్న. పరుగు పెట్టించకు. చివరిదాకా విను.’

ముందుగదిలో ల్యాప్‌టాప్ పెట్టుకుని హెడ్‌ఫోన్స్ తగిలించుకుంది. అవి అమ్మ తలకి సరిపోయేలా ఉన్నాయి, ఈమెకి కొంచెం బిగుతు. నొక్కింది. ఏమీ లేదు. ఐదు సెకన్లయింది. చెయ్యి అలవాటుగా వేగం పెంచే గుర్తు మీదకి పోయి, కాగితం చూసి వెనక్కి వచ్చింది. ఏదో కిర్రుమంది. మళ్ళీ ఏమీ లేదు. అమ్మ ఎక్కించడంలో తప్పు చేసిందేమో అనుకుంది. మధ్యలో సన్నటి ఈల లాంటిది వినపడి పోయింది. ఆ ఈల ఆమెకి తెలుసు. ఫోన్లో ప్రతి సాయంత్రం విన్నదే. వేళ్ళు హెడ్‌ఫోన్స్‌ని చెవులకేసి నొక్కుకున్నాయి. ఎవరో పెద్దగా ఊపిరి తీశారు. ఇరవై ఏడు, ఇరవై ఎనిమిది.

“ఇక మాట్లాడొచ్చా?”

ఆమె నోటిమీద చెయ్యి పెట్టుకుంది. అడిగినవాడు ఇంకా జవాబు కోసం ఆగి ఉన్నట్టే అనిపించింది. మళ్ళీ మొదటికి వెళ్ళి నొక్కింది. మళ్ళీ. చీకటి పడేవరకు అరనిమిషం చొప్పున వింటూ కూర్చుంది. ఆఖరికి దీపం వేసి, ఆ ఈల అందులోకి ఎలా వచ్చిందో తెలుస్తుందేమోనని నోటుపుస్తకం అందుకుంది.

నిండా వరసలు. పాఠం నంబరు, నిమిషం, కొలత. ఆరేళ్ళు. చివర రాసిన పేజీలో మాత్రం ఒకటి నుంచి ఇరవై తొమ్మిది దాకా అంకెలూ, పక్కన నదులు, అగ్నిపర్వతాలు, ఎడారులు, ధ్రువాలు అని పేర్లూ ఉన్నాయి. నడుమ ఒక వరసలో ‘17 – 20: ఏ పాఠంలోనూ లేదు. నేను నిలబడ్డాను’ అని ఉంది. ఆ వరస పక్కనే, పేజీల మడతలో, మూత పెట్టిన పెన్ను ఉంది.